చావనీ అన్న మాట

ఆ కోర్టులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. లాయర్లు, గుమాస్తాలు, ఆఖరికి గేటు దగ్గర సైకిళ్ళు కాసే ముసలాయనతో సహా అందరికీ ఆమె రైలుబండి. ఎదురుపడితే మేడమ్ అంటారనుకోండి, అది వేరే సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, ఆమె పాత ఇనుప టైపుమిషను ముందు కూర్చుని వేళ్ళు ఆడించేసరికి, పక్కగదిలో కాగితాలు కుట్టుకుంటున్న గుమాస్తా ఒకాయన ఇక్కడికి రైలు ఎప్పుడొచ్చిందిరా నాయనా అని కిటికీలోంచి తొంగి చూశాడట. అంతే, పేరు పడిపోయింది. ఇనుప మిషను పోయి కంప్యూటరు వచ్చింది, ఆ గుమాస్తా రిటైరై వెళ్ళిపోయాడు, పేరు మాత్రం పదిలంగా ఉంది.

వేగం ఒక్కటే అయితే బాగుండును. ఆమెకు తొందర కూడా ఎక్కువ. కోర్టులో టైపిస్టు పని ఏమిటంటే, సాక్షి తన మాటల్లో తను చెప్పుకుపోతాడు, మేజిస్ట్రేటుగారు అది విని, వడగట్టి, రాతకు పనికొచ్చేలా ఒక వాక్యం చెబుతారు, ఆ వాక్యాన్ని టైపిస్టు కొట్టాలి. సాక్షి నోట వచ్చింది కాదు, అయ్యగారి నోట వచ్చింది కొట్టాలి. ఈ సంగతి ఆమె బుర్రకు తెలుసు, వేళ్ళకు మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళయినా ఎక్కలేదు. సాక్షి నోరు తెరవడం ఆలస్యం, చెవిన పడ్డది పడ్డట్టు తెర మీదికి వచ్చేస్తుంది. ఆ తర్వాత అయ్యగారు చెప్పేది వింటూ, ముందు కొట్టింది చెరుపుకుంటూ, మళ్ళీ కొడుతుంది. చెరపడం మరచిపోయి రెండుసార్లు మెమోలు కూడా తీసుకుంది. లోకంలో టైముకంటే ముందొచ్చే రైలుబండి ఇదొక్కటేనమ్మా అని బెంచి గుమాస్తా, అంటే హాల్లో కట్టలు అందిస్తూ సాక్షుల్ని పిలిచే పెద్దాయన, ఆమెను ఎప్పుడూ ఆటపట్టిస్తూ ఉంటాడు.

ఇక మేజిస్ట్రేటుగారు. ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న. నిజాయితీ గల మనిషి, ఒకరి మొహం చూసి ఒకలాగా, ఇంకొకరి మొహం చూసి ఇంకోలాగా ఉండే రకం కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, గ్రాంథికం. సాక్షి గోడ దూకి పారిపోయాడండీ అంటే ఆయన ‘ప్రహరీని అధిగమించి పరారయ్యెను’ అని చెబుతారు. నానా మాటలూ అన్నాడండీ అంటే ‘అసభ్య పదజాలముతో దూషించెను’. ఒకసారి ఒక ముసలమ్మ నా కోడిని ఎత్తుకుపోయాడు బాబూ అని లబోదిబోమంటే, ‘సదరు కుక్కుటమును అపహరించెను’ అని రాయించారు. చదివి వినిపించేసరికి ఆ ముసలమ్మ అడ్డం తిరిగింది. అదేదో నాకు తెలియదు, పోయింది నా కోడి, దాని సంగతి రాసేదాకా వేలిముద్ర వేయనంటే వేయనంది. హాలంతా నవ్వింది, అయ్యగారూ నవ్వారు, కుక్కుటం మాత్రం కుక్కుటంగానే ఉండిపోయింది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లోకంలోని మాటలన్నీ వేళ్ళతో మోసి, తన నోరు మాత్రం కట్టేసుకుని కూర్చునే మనిషి ఇంటికొస్తే ఊరుకుంటుందా? చెప్పులు విప్పకముందే మొదలు. వినడానికి ఇద్దరున్నారు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళు అరగదీసుకున్న భర్త, ఎనభై దాటినా నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయిన అత్తగారు. కోర్టులో విన్నది ఇంట్లో చెప్పకూడదు కదా అని భర్త అంటూనే ఉంటాడు, అంటూనే కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. నువ్వుండరా, నువ్వు చెప్పవే అని అత్తగారు. రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ తర్వాత సాయంత్రాలు ఎలా గడుస్తాయో అని బెంగ పెట్టుకున్నది కోడలు కాదు, ఆ అత్తగారే.

ఇంతలో వ్యాను డ్రైవరు విచారణ వచ్చి పడింది.

సరుకు దింపిన చోట రెండు పెట్టెలు తక్కువొచ్చాయని ఆ డ్రైవరును పొద్దున పదింటికి పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళారు. ఆ పెట్టెలు తర్వాత గోడౌనులోనే దొరికాయి, అసలు వాటిని ఎవరూ వ్యానులోకి ఎక్కించనే లేదు. అవి దొరికేనాటికి డ్రైవరు లేడు. అతనికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడు నోట్లో పెట్టుకుని పీల్చే ఇన్‌హేలరు ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది. అతని చెల్లెలు అది పట్టుకుని పన్నెండున్నరకల్లా స్టేషనుకు పరిగెత్తి, కాపలా డ్యూటీలో ఉన్న కానిస్టేబులమ్మ చేతిలో పెట్టింది. మూడు దాటాక అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడికి చేరేసరికే ప్రాణం లేదు. పోలీసుల చేతిలో ఉండగా మనిషి పోతే మేజిస్ట్రేటు విచారణ జరపాలి, అలా ఇది అయ్యగారి ముందుకు వచ్చింది.

ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందుకే పోలీసులు చెప్పే కథ నున్నగా, ఎక్కడా చెయ్యి గీరుకోకుండా ఉంది. జబ్బు సంగతి మాకు తెలియదు, పని ఒత్తిడిలో గమనించలేదు, పొరపాటు జరిగింది. పొరపాటే అయితే ఎస్సైకి ఒక మెమో, మహా అయితే ఒక బదిలీ. మందు లేకపోతే పోతాడని తెలిసీ ఊరుకున్నాడని తేలిందా, అది మనిషి ప్రాణం తీసిన కేసు. తేడా అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది, తెలుసా తెలియదా అన్న ముక్కలో. స్టేషనులో పనిచేసే నలుగురు సాక్షులు వరసగా బోనెక్కి, ఎక్కాలు అప్పజెప్పినట్టు మాకు తెలియదు, మాకు తెలియదు అని చెప్పి దిగిపోయారు.

చెల్లెలు చెప్పుల షాపులో పనిచేస్తుంది. వాయిదా ఉన్న రోజల్లా సెలవు పెట్టుకుని వచ్చి, చివరి బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఏడవదు, ఎవరితోనూ మాట్లాడదు. ఐదో సాక్షి రావాల్సిన రోజు, పొద్దున్నే వరండాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర రైలుబండి సీసా నింపుకుంటుంటే పక్కన వచ్చి నిలబడింది.

“మా అన్నయ్య ఎలా పోయాడో స్టేషన్లో అందరికీ తెలుసండీ. మా వీధిలో అందరికీ తెలుసు. కాగితం మీదే లేదు. మీరు కొట్టేది కాగితమే కదా, దాని మీదకి వస్తుందంటారా?”

రైలుబండి ఏమంటుంది? చెప్పింది కొట్టేదాన్నేనమ్మా, నా చేతిలో ఏముంది అంది. అని హాల్లోకి వచ్చి కూర్చుంది కానీ ఆ జవాబు ఆమెకే గొంతు దిగలేదు. నా చేతిలో ఏముంది అని రెండు చేతులూ మీటల మీద పెట్టుకుని కూర్చున్న మనిషి అనొచ్చా? తన మీద తనకే చిరాకేసింది. అనవసరంగా బల్ల తుడిచింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

ఐదో సాక్షి ఆ కానిస్టేబులమ్మే. నలభై ఏళ్ళుంటాయి, బక్కపల్చని మనిషి. ఆవిడ కూడా ఎక్కం అప్పజెప్పి దిగిపోతుందనే అందరూ అనుకున్నారు. ముందు వరసలో ఇస్త్రీ నలగని బట్టల్లో ఎస్సై కూర్చున్నాడు, ఆయన పక్కన పోలీసుల తరఫు లాయరు కళ్ళు సగం మూసుకుని కూర్చున్నాడు. మొదటి అరగంటా చప్పగా సాగింది. డ్యూటీ ఎన్నింటికి ఎక్కారు, ఎక్కడ కూర్చున్నారు, లోపల ఎంతమంది ఉన్నారు. బయటివాళ్ళు తెచ్చిచ్చే వస్తువులు ఎక్కడ పెడతారని మేజిస్ట్రేటుగారు అడిగితే, ఎస్సైగారి బల్ల సొరుగులో ఉంటాయండి అంది. చెల్లెలు మందు తెచ్చిన మాట నిజమేనా అంటే నిజమేనంది. ఇక్కడ లాయరు ఒక కన్ను తెరిచాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పారా అని అయ్యగారు అడిగారు.

 కానిస్టేబులమ్మ నేల చూస్తూ, పక్కనున్న టైపిస్టుకు, పైనున్న అయ్యగారికి తప్ప ఇంకెవరికీ సరిగ్గా వినిపించనంత మెల్లగా చెప్పింది.

“ఎస్సైగారికి చెప్పానండి. లోపలతనికి ఊపిరాడట్లేదు సార్, ఇది పీల్చకపోతే పోతాడని వాళ్ళ చెల్లెలు చెప్పింది, ఇచ్చేసి రానా అని అడిగాను.”

“ఆయన ఏమన్నారు?”

“చావనీ అన్నారండి.”

ఇంకేముంది, రైలుబండి బయల్దేరిపోయింది. ఆవిడ నోరు మూసేసరికి తెర మీద ఉంది, కొటేషన్లతో సహా, చివర చుక్కతో సహా. ‘చావనీ’ అన్నారు.  వచ్చేసింది, కాగితం మీదకి వచ్చేసింది అని ఆమె లోపల ఎవరో ఎగిరి గంతేసినట్టయింది.

అప్పుడు మేజిస్ట్రేటుగారు కళ్ళద్దాలు సర్దుకుని, ఎప్పటిలాగే ప్రశాంతంగా చెప్పారు. “విషయము విన్నవించగా సదరు అధికారి ఉదాసీనత కనబరిచెను.”

ఉదాసీనత. ఎంత మెత్తటి మాటో చూడండి. తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోవచ్చు. ఆయన ఎవరినో కాపాడాలని అనలేదు, అది నిజం. కోడిని కుక్కుటం చేసినట్టే దీన్నీ చేశారు, అలవాటు. కానీ కోడిని కుక్కుటం అంటే కోడికి పోయేదేమీ లేదు. చావనీని ఉదాసీనత అంటే, తెలిసి చేసినవాడు తెలియక చేసినవాడైపోతాడు. లాయరు కూడా రెండో కన్ను తెరిచి, ఇంత మంచి మాట దొరికినందుకు చిన్నగా నవ్వుకుని, మళ్ళీ మూసుకున్నాడు.

ఇప్పుడు ఆమె చేయాల్సింది రెండు మాటలు చెరపడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకు యాభైసార్లు చేస్తున్న పనే. చిటికెన వేలు చెరిపే మీట దాకా వెళ్ళింది. చివరి బల్ల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. చెల్లెలు ముందుకు వంగి, ఇటే చూస్తోంది. అంత దూరం నుంచి ఆ పిల్లకు ఏమీ వినిపించి ఉండదు. వేలు వెనక్కి వచ్చేసింది. ఆమె కింది వరసకు దిగి, అయ్యగారు చెప్పిన వాక్యాన్ని తప్పు లేకుండా, వత్తులతో సహా శుభ్రంగా కొట్టింది. పై వరసలో చావనీ, కింది వరసలో ఉదాసీనత. రెండూ ఉన్నాయి.

 భయమా అంటే భయమే. కానీ ఆ భయం అడుగున ఇంకొకటి ఉంది, చిన్నప్పుడు పక్కింటి గోడెక్కి కాయలు కోసినప్పటి హుషారు. అరవై దాటిన మనిషికి ఈ వయసులో ఇదేం బుద్ధి అని తనను తనే తిట్టుకుంది, తిట్టుకుంటూనే నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది.

సాక్షి చెప్పిందంతా కాగితం మీద తీసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించాలి. చదివేది బెంచి గుమాస్తా. ఆయన చదువుతుంటే వినేవాళ్ళే కాదు, ఆయన కూడా నిద్రపోతున్నాడేమో అనిపిస్తుంది. ఒకే రాగం, ఎక్కడా ఆగడు. ఆ రాగంలోనే మొదటి పేజీ అయింది, రెండో పేజీలో సగం అయింది, ‘చావనీ’ అన్నారు అని కూడా ఆ ఊపులోనే చదివేసి, అప్పుడు టక్కున ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. హాలు మొత్తం నిద్ర లేచింది.

లాయరు అందరికంటే ముందు లేచాడు. ఈ వాక్యం తమరు చెప్పింది కాదు సార్, రికార్డులోకి బయటి మాట చొరబడింది, ఇది చిన్న విషయం కాదు, వెంటనే కొట్టేయించి బాధ్యుల మీద చర్య తీసుకోవాలి అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మేజిస్ట్రేటుగారి మొహం ఎర్రబడింది. కాగితం తెప్పించుకుని చూశారు, తర్వాత టైపిస్టు వైపు తిరిగి ఇది నేను చెప్పానా అని అడిగారు.

ఆమె లేచి నిలబడింది. ఆ హాల్లో అలా లేచి నిలబడి మాట్లాడాల్సి రావడం ఉద్యోగం మొత్తంలో అదే మొదటిసారి. బల్ల అంచు పట్టుకుంది.

“మీరు చెప్పలేదండి. సాక్షి చెప్పింది.”

లాయరు వెంటనే మాటలకు తేనె పూశాడు. అలవాటు కొద్దీ వేలు జారి ఉంటుంది సార్, మేడంగారు పెద్దావిడ, రిటైరయ్యే ముందు ఈ గొడవంతా ఎందుకు, పొరపాటున పడిందని ఒక్క మాట అనమనండి, తీసేసి ముందుకు వెళదాం అన్నాడు. బెంచి గుమాస్తా కూడా కాగితాల చాటు నుంచి అనేయమ్మా అని కళ్ళతోనే బతిమాలాడు. నిజమే, ఎంత సులువు. పొరపాటు అంటే అయిపోయె. ఈ కేసులో అందరూ ఆ గొడుగు కిందకే దూరుతున్నారు, తనకు మాత్రం చోటుండదా? అలా అనుకునేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“పొరపాటు కాదండి. మీరు చెప్పింది కొట్టడం నా పని, చెప్పనిది ఉంచాను, తప్పు నాదే. మెమో ఇవ్వండి, తీసుకుంటాను. మాట మాత్రం ఆవిడదేనండి.”

అని కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, మెడ వెనక చెమట పట్టిందని.

సాక్షి ఇంకా సంతకం పెట్టలేదు. మేజిస్ట్రేటుగారు కాగితం కింద పెట్టి ఆవిడ వైపు తిరిగారు. మీరు ఆ మాట చెప్పారా అని అడిగారు. కానిస్టేబులమ్మ ముందు వరస చూసింది. ఎస్సై కదలకుండా ఆవిడనే చూస్తున్నాడు. రేపటి నుంచి మళ్ళీ ఆ శాఖలోనే కదా ఆవిడ ఉద్యోగం, ఆ గోడల మధ్యే కదా. కాదంటే ఎవరూ ఏమీ అనరు. కాదంటే పై వరస పోతుంది, దాంతోపాటు టైపిస్టు పరువూ పోతుంది, చివరి బల్ల మీది పిల్లకు మిగిలేది ఉదాసీనత ఒక్కటే. 

“చెప్పానండి. చావనీ అన్నారు,” అంది ఆవిడ. ఈసారి వరండాలోవాళ్ళకు కూడా వినిపించింది.

చివరి బల్ల దగ్గర ఏదో కింద పడ్డ చప్పుడైంది, చెల్లెలి చేతిలోని నీళ్ళ సీసా. మేజిస్ట్రేటుగారు అరచేత్తో మొహం తుడుచుకున్నారు. నేను కూడా విన్నాను, విని ఉదాసీనత అన్నాను అని తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. అంతటి మనిషి అంతమందిలో అలా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు.

అయితే లాయర్లు ఊరికే లాయర్లు అవుతారా? నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెతను ఇతను వృత్తిగా పెట్టుకున్నాడు. గొంతు మార్చాడు, నవ్వు మొహం పెట్టాడు. సరే సార్, అన్నారనే అనుకుందాం అన్నాడు.

“అది మన నోటి ఊతపదం సార్. బస్సు తప్పిపోతే చావనీ అంటాం, పాలు పొంగిపోతే చావనీ అంటాం. కన్నపిల్లల్ని అంటాం. అన్న ప్రతివాడూ చంపాలని అన్నట్టా?”

హాల్లో తలలు ఊగాయి. ఊగవా మరి? నిజమే కదా.  రైలుబండి అత్తగారు రోజుకు పదిసార్లు అనే మాట అది. కుళాయి కారితే చావనీ, కరెంటు పోతే చావనీ. అంతెందుకు, ఆ పొద్దున్నే కళ్ళజోడు కనబడటంలేదని ఇల్లంతా తిరుగుతున్న భర్తను చూసి వంటింట్లోంచి చావనీ అన్నది తనే. ఈ మాట కోసం ఇంత రాద్ధాంతం చేశాను, తీరా చూస్తే దీనికి బరువే లేదా అని ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగసచ్చినోడు, ఎంత సులువుగా ఊదేశాడు.

లాయరు వాదన అందరికంటే ఎక్కువగా నచ్చింది ఎస్సైకి. ఊపిరి పీల్చుకున్నాడు, మొహం వికసించింది, ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాడు. అంతే సార్, అలవాటుగా అన్నాను, అందరూ అనేదే నేనూ అన్నాను అన్నాడు. లాయరు చొక్కా చెయ్యి పట్టి లాగాడు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

“అన్నారన్నమాట,” అన్నారు మేజిస్ట్రేటుగారు.

 ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఎవరింట్లోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడారు. ఒక్క గ్రాంథిక ముక్క లేదు.

“మా అమ్మ కూడా అంటుందయ్యా. నేను తినకుండా కోర్టుకొచ్చేస్తే చావనీ వెధవని అంటుంది. అని, డబ్బా సర్ది మనిషిచేత పంపిస్తుంది. మీరు ఆ మాట అన్నాక ఏం చేశారు?”

ఎస్సై లాయరు వైపు చూశాడు. లాయరు నోరు తెరవబోతే అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. 

“భోజనానికి వెళ్ళాను సార్.”

“ఎన్నింటికి తిరిగొచ్చారు?”

“మూడింటికి.”

మేజిస్ట్రేటుగారు టైపిస్టు వైపు చూశారు. కొట్టండి, నేను చెప్పినట్టు కాదు, ప్రశ్న ప్రశ్నగా, జవాబు జవాబుగా, వాళ్ళు ఏ మాట అంటే ఆ మాట కొట్టండి అన్నారు. ఆమె తల ఊపింది. కొట్టడానికి ఏమీ మిగల్లేదు, అప్పటికే అంతా తెర మీద ఉంది.

ఆయన ‘ఉదాసీనత’ అన్న వరసను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం చేశారు. పై వరస అలాగే ఉంచారు. కానిస్టేబులమ్మ సంతకం పెట్టింది. తన జవాబు కింద ఎస్సై కూడా పెట్టాల్సి వచ్చింది, పెన్ను రెండుసార్లు దులిపి మరీ పెట్టాడు. తర్వాత టైపిస్టును పిలిచి, మీ మెమో మీకు వస్తుంది, అందులో తేడా లేదు అన్నారు అయ్యగారు. అంటున్నప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. చిత్తమండీ అంది ఆమె, బహుమతి ఇస్తామన్నట్టు.

సాయంత్రం ఐదు కావస్తోంది. రైలుబండి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద ఆనడం లేదు. వరండాలో ఆ నోటా ఈ నోటా అదే మాట. బెంచి గుమాస్తా వెనక నుంచి వచ్చి, ఇవాళ రైలు సరిగ్గా టైముకొచ్చిందమ్మా అని నవ్వుతూ దాటిపోయాడు. ఎప్పుడెప్పుడు ఇంటికెళ్ళి అత్తగారికి చెబుదామా అని ఆమెకు నాలుక దురద పుడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎస్సై లేచి నిలబడటం దగ్గర ఆపి టీ పెట్టుకుని రావాలా, అంతవరకూ ఆవిడ ఆగుతుందా అని లెక్కలేసుకుంటోంది.

మెట్ల కింద చెల్లెలు నిలబడి ఉంది. పరిగెత్తుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వచ్చింది కదండీ, కాగితం మీదకి వచ్చింది కదండీ అని మళ్ళీ మళ్ళీ అదే అంది. ఇన్నాళ్ళూ ఏడవని పిల్ల ఇప్పుడు ఏడుస్తూ నవ్వుతోంది. వచ్చిందమ్మా, ఇక ఎవరూ చెరపలేరు అంది రైలుబండి. 

అప్పుడే కానిస్టేబులమ్మ టోపీ చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. చెల్లెలు ఆమె దగ్గరికి కూడా పరిగెత్తి చేతులు పట్టుకోబోయింది. ఆవిడ ఒక మెట్టు వెనక్కి ఎక్కింది.

“నా చేతులు పట్టుకోకమ్మా. బయటివాళ్ళు తెచ్చినవి సొరుగులో ఉంటాయని లోపల చెప్పాను. ఉంటాయి, అబద్ధం కాదు. నువ్విచ్చింది మాత్రం సొరుగులో పెట్టలేదు. ఆయన భోజనానికి వెళ్ళిన రెండు గంటలూ అది నా జేబులోనే ఉంది. ఊచల్లోంచి చెయ్యి పడుతుంది. మీ అన్న అక్కా, అక్కా అని అడుగుతూనే ఉన్నాడు. ఆయన వద్దన్నాడని నేను కదల్లేదు.”

చెల్లెలి చేతులు గాలిలో అలాగే ఉండిపోయి, మెల్లగా కిందికి దిగాయి.  రైలుబండి సంబరమంతా ఎటు పోయిందో పోయింది. కానిస్టేబులమ్మ ఆమె వైపు తిరిగింది.

“ఇది కూడా ఎక్కించాలి మేడమ్. ఎవరిని అడగాలి?”

రైలుబండి కార్లు పెట్టే షెడ్డు వైపు చూసింది. మేజిస్ట్రేటుగారి కారు ఇంకా అక్కడే ఉంది. పైన ఆయన గది కిటికీలో లైటు వెలుగుతోంది.

“అయ్యగారు ఇంకా వెళ్ళలేదు. పదండి,” అంది, సంచీ భుజం మార్చుకుంటూ.

ఇద్దరూ వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టారు. చెల్లెలు కాసేపు కింద నిలబడింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, వాళ్ళిద్దరినీ దాటుకుని ముందుగా పైకి వెళ్ళింది.